కొత్తగా పెట్టిన ఫొటో, వీడియో స్టూడియోకు ధర ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లోని ఒక స్టూడియోలో మూడేళ్లు క్యాండిడ్ (పోజులు పెట్టించకుండా సహజంగా తీసే) ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, ఇప్పుడు ఖమ్మంలో సొంతంగా పెళ్లిళ్లు, ఫంక్షన్లు ఒప్పుకోవడం మొదలుపెడుతున్నారు. రెండు కెమెరాలు, లెన్సులు, గింబల్ (కెమెరా కుదుపులు లేకుండా పట్టే సాధనం), లైట్లు, ఎడిటింగ్ కంప్యూటర్ కలిపి 7 లక్షలు పెట్టారు. అందులో 4 లక్షలు అప్పు. ఊళ్లో పాత స్టూడియోలవారు ఫొటో, వీడియో, ఆల్బమ్ అన్నీ కలిపి పెళ్లికి 45 వేలకు ఒప్పుకుంటున్నారు. కొత్తవాడిని కాబట్టి 35 వేలు చెప్పి పేరు తెచ్చుకోవాలా, రోజు లెక్కన చెప్పాలా లేక ప్యాకేజీగా చెప్పాలా, ధరలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, 35 వేలు చెప్పవద్దు. 45 వేలకు కూడా వాళ్లు ఇచ్చేవన్నీ ఇస్తానని ఒప్పుకోవద్దు. మీ చేతిలో ఉన్న ఒక్క తేదీ మీకు ఎంత పడుతుందో ముందు లెక్క కట్టండి. దానికి ఆ ఫంక్షన్‌కు చేతినుంచి పెట్టే ఖర్చు కలపండి, పైన కనీసం పది శాతం వేయండి. వచ్చిన అంకె కంటే కిందికి దిగవలసి వస్తే ధర తగ్గించకుండా, ఇచ్చేవాటిలో ఏదో ఒకటి తగ్గించండి. వినియోగదారుడికి మాత్రం మొత్తం ధరే చెప్పండి. రోజుల లెక్క, గంటల లెక్క మీ పుస్తకంలో ఉంటే చాలు.

తేదీ అని ఎందుకు అంటున్నానంటే, మన వ్యాపారంలో అమ్ముడుపోయే సరుకు అదే. ఆ తేదీలను నిర్ణయించేది మీరూ కాదు, నేనూ కాదు, పంచాంగం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ, కార్తీక, మార్గశిర మాసాల్లో ఉన్నా, గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే అవీ పోతాయి. 2024లో వైశాఖ, జ్యేష్ఠ మాసాలు రెండూ మూఢంలోనే గడిచిపోయాయి. వేసవి సీజన్ మీద ఆశ పెట్టుకుని ఆ ఏడాది కొత్త కెమెరాలు కొన్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో మీరూ చూసే ఉంటారు. 2026లో మే నెల నడుమ నుంచి జూన్ నడుమ దాకా అధిక జ్యేష్ఠం, అందులోనూ పెళ్లిళ్లు ఉండవు. ఇక మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఒక్క ఖమ్మంలోనే ఫంక్షన్ హాళ్లన్నీ నిండిపోతాయి, అయినా మీరు ఉండగలిగేది ఒక్కచోటే. అందువల్ల "నెలకు ఆరు పెళ్లిళ్లు, ఏడాదికి డెబ్బై" అన్న లెక్క కాగితం మీదే నిలుస్తుంది. మొదటి ఏడాది ముప్పై ఫంక్షన్ రోజులు దొరికితే బాగా దొరికినట్టే అనుకోండి.

మీరు చెప్పిన వివరాలతోనే ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ అసలు అంకెలు మీరు పెట్టుకోండి. 7 లక్షల సామాను నాలుగేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 1,75,000 అరుగుదల. ఇది ఎక్కువని అనిపించవచ్చు. కానీ ఒక పెళ్లికి ఒక కెమెరాలోనే మూడు నాలుగు వేల క్లిక్కులు పడతాయి. మన స్థాయి కెమెరాల షటర్‌కు తయారీదారులు చెప్పే ఆయుష్షు సాధారణంగా రెండు లక్షల క్లిక్కుల అటూ ఇటూ. షటర్ పాడవకపోయినా, నాలుగేళ్లలో ఆ మోడల్ పాతదై, అదే పని చేసే కొత్తది పక్క స్టూడియోలో కనిపిస్తుంది. అప్పు మీద వడ్డీ సుమారు 40 వేలు. (అప్పులో అసలు తీర్చే వాయిదాను మళ్లీ కలపవద్దు, అది అరుగుదలలోనే వచ్చేసింది, ఈ రెండూ కలిపేసి బెంబేలెత్తిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు.) గది అద్దె నెలకు 5 వేల చొప్పున 60 వేలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చందాలు, ఇంటర్నెట్, కరెంటు, మరమ్మతులు, బీమా, నమూనా ఆల్బమ్‌లు, పార్టీల (పని ఇచ్చే కుటుంబాల) దగ్గరకు తిరిగే పెట్రోలు కలిపి 85 వేలు. ఇవన్నీ కలిస్తే 3,60,000. దీనికి మీ జీతం కలపాలి. స్టూడియోలో మీకు ఇచ్చినదానికి తగ్గకుండా నెలకు 30 వేలు అనుకుంటే మరో 3,60,000. మొత్తం 7,20,000. ముప్పై తేదీలతో భాగిస్తే ఒక తేదీ మీకు 24 వేలు పడుతుంది. నలభై తేదీలు దొరికితే 18 వేలకు దిగుతుంది, ఇరవై మాత్రమే దొరికితే 36 వేలకు ఎక్కుతుంది. మీ కెమెరా ఎంత ఖరీదైనదన్న దానికంటే మీ డైరీ ఎంత నిండిందన్నదే ధరను ఎక్కువగా కదిలిస్తుందని గమనించండి.

ముప్పై రోజుల పనికి ఏడాది జీతమా అని మీ ఇంట్లోనే ఎవరైనా అడగవచ్చు. ఒక్క రాత్రి తీసినదాన్ని ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ డిజైన్ మీద పార్టీతో నాలుగుసార్లు మాట్లాడటం, హైలైట్స్ (ముఖ్య ఘట్టాల చిన్న వీడియో) కత్తిరించడం, వాళ్లు చెప్పిన మార్పులు చేయడం కలిపితే ఆరేడు రోజులు తేలికగా పోతాయి. ముప్పై ఫంక్షన్లంటే రెండు వందల పైచిలుకు పనిదినాలు. కొత్తవాళ్ల ధరల్లో కనిపించకుండా పోయేది ఈ భాగమే.

ఇప్పుడు మీ ఊరి 45 వేల సంగతి చూద్దాం. ఆ ధరకు మీరు ఏమి ఇవ్వగలరు? మీ తేదీ 24 వేలు. ఒక వీడియోగ్రాఫర్‌కు 5 వేలు, ప్రయాణానికి 1,500, మామూలు వీడియో ఎడిటింగ్‌కు 4 వేలు, 25 షీట్ల ఆల్బమ్‌కు షీటు డిజైన్‌తో కలిపి 300 చొప్పున 7,500, ప్యాడ్ (ఆల్బమ్ అట్ట), బాక్సులకు 2 వేలు, డేటా దాచే డిస్కులకు వెయ్యి. కలిపితే సరిగ్గా 45 వేలు. అంటే ఫొటోకు మీరొక్కరే, వీడియోకు ఒక మనిషి, సినిమాటిక్ (సినిమా తరహా వీడియో) లేదు, టీజర్ (ఒకటి రెండు నిమిషాల ముందస్తు వీడియో) లేదు, లాభమూ లేదు. పది శాతం కలిపితే 50 వేలు. ఇదే పనిని 35 వేలకు చేస్తే పెళ్లికి 10 వేల చొప్పున ముప్పై పెళ్లిళ్లకు 3 లక్షలు మీ జీతంలోంచే పోతాయి; నెలకు మీకు మిగిలేది 5 వేలు. మీ దగ్గర లైట్ పట్టుకునే కుర్రవాడికి అంతకంటే ఎక్కువే వస్తుంది.

మరి పాత స్టూడియోలు 45 వేలకు ఎలా చేస్తున్నారంటే, వాళ్ల కెమెరాల అప్పు ఎప్పుడో తీరిపోయింది, షాపు చాలావరకు సొంతది, వీడియో తీసేది తమ్ముడో బావమరిదో. పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫ్రేములు, లామినేషన్ మీద రోజూ కొంత వస్తుంది. వాళ్ల తేదీ వాళ్లకు 24 వేలు పడదు. వాళ్ల ధర వాళ్ల లెక్క ప్రకారం సరైనదే. దాన్ని మీరు అరువు తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది.

మీరు హైదరాబాద్‌లో అలవాటుపడిన పూర్తిస్థాయి పెళ్లి వేరే సంగతి. క్యాండిడ్‌కు మీరు, ట్రెడిషనల్ (తంతును, గ్రూపులను నిలబెట్టి తీసే మామూలు పద్ధతి) ఫొటోకు ఒకరు (5 వేలు), ట్రెడిషనల్ వీడియోకు ఒకరు (5 వేలు), సినిమాటిక్‌కు ఒకరు (8 వేలు), అసిస్టెంట్ (1,500), వాహనం (3 వేలు), 40 షీట్ల ఆల్బమ్ ప్యాడ్‌తో సహా (14 వేలు), టీజర్, హైలైట్స్, పూర్తి వీడియో ఎడిటింగ్ (12 వేలు), డిస్కులు (1,500). చేతిఖర్చే 50 వేలు. తేదీతో 74 వేలు. పది శాతంతో దాదాపు 82 వేలు. డిస్కుల ఖర్చును చిల్లర అనుకోవద్దు. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఐదేసి గంటలు నడిస్తే 450 జీబీ, ఫొటోలు వేరు. రెండో కాపీ లేకుండా పెళ్లి డేటా ఉంచుకునేవాడు ఈ వృత్తిలో ఉండకూడదు కాబట్టి, ఒక్క పెళ్లికి ఒక టీబీ (వెయ్యి జీబీ) దాకా పోతుంది.

నా అభిప్రాయంలో మీరు మొదటి ఏడాది ఎక్కువగా అమ్మవలసింది ఈ రెండూ కాదు, క్యాండిడ్ ఒక్కటే. చాలా కుటుంబాలకు తరతరాలుగా పరిచయమున్న స్టూడియో ఒకటి ఉంటుంది. అక్కయ్య పెళ్లి, అన్నయ్య పెళ్లి వాళ్లే తీసి ఉంటారు, వాళ్లను మాన్పించడం పెద్దవాళ్లకు ఇష్టముండదు. పెళ్లికూతురికి మాత్రం క్యాండిడ్ ఫొటోలు కావాలి. అటువంటి ఇంటికి వెళ్లి, "ట్రెడిషనల్, వీడియో, ఆల్బమ్ మీ స్టూడియో వారే చేస్తారు, నేను క్యాండిడ్ మాత్రం తీసి, సరిచేసిన ఫొటోలు ఇస్తాను" అని చెప్పండి. మీ తేదీ 24 వేలు, ప్రయాణం 1,500, రంగులు సరిచేయడం బయట ఇస్తే 3 వేలు, డిస్కు 500. పది శాతంతో 32 వేలు. చేతినుంచి పెట్టేది తక్కువ, మనుషుల కోసం వెతుకులాట లేదు, ఆల్బమ్ తలనొప్పి లేదు, ఊళ్లో ఎవరితోనూ పోటీ లేదు. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అబ్బాయి నరసరావుపేట వైపు ఇలాగే మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆ పాత స్టూడియోలవారే తమకు వచ్చిన పెళ్లిళ్లకు క్యాండిడ్ కోసం అతన్ని పిలవసాగారు. స్టూడియో నుంచి వచ్చే పనికి అతను పార్టీకి చెప్పే ధరలో కొంత తగ్గిస్తాడు. అది న్యాయమే, ఎందుకంటే పార్టీని వెతికిపెట్టిన శ్రమ వాళ్లది.

రోజు లెక్కనా, ప్యాకేజీయా అన్నదానికి వస్తే, మన కుటుంబాల పెద్దలు అడిగేది ఒక్కటే: "మొత్తం ఎంత అవుతుంది?" గంటకు ఇంత, రోజుకు ఇంత అని చెబితే మీరు ఏదో దాస్తున్నారని అనుకుంటారు. మొత్తం చెప్పండి, కానీ ఆ మొత్తంలో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాసి ఇవ్వండి. ముఖ్యంగా "ఒక రోజు" అంటే ఏమిటో రాయండి. తెల్లవారుజామున రెండున్నరకు ముహూర్తం ఉంటే, ముందురోజు పొద్దున పెళ్లికూతుర్ని చేయడం ఉంటుంది, సాయంత్రం ఎదుర్కోలు, రాత్రి పెళ్లి, పొద్దున్నే అప్పగింతలు. పార్టీ దృష్టిలో ఇదంతా ఒక్క పెళ్లి. మీ మనుషుల దృష్టిలో ఇరవై నాలుగు గంటల పని, అంటే రెండు బేటాలు (రోజు కూలీలు). నేను రోజును పన్నెండు గంటల ఒక పూటగా లెక్కిస్తాను. పొద్దుటి కార్యక్రమం ఒక పూట, సాయంత్రం నుంచి అప్పగింతల దాకా మరొక పూట. పైన వేసిన లెక్కలన్నీ ఒక పూటవే. రెండో పూటకు నా లెక్కలో తేదీ ధర మళ్లీ పూర్తిగా పడదు, ఎందుకంటే ఆ రోజు ఎలాగూ వాళ్లదే. సగం వేసి, మనుషుల ఖర్చు మాత్రం పూర్తిగా వేస్తాను. హల్దీ, సంగీత్, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ వేరే రోజుల్లో ఉంటే అవి వేరే తేదీలు. తెలంగాణలో పెళ్లయ్యాక చేసే పదహారు పండగ కూడా తీయమంటారు. అది ప్యాకేజీలో ఉందో లేదో ముందే తేల్చుకోండి.

అలాగే, అమ్మాయి తరఫున వెళ్తున్నారా, అబ్బాయి తరఫునా, రెండు వైపులా మీరేనా అన్నది మొదటి ఫోన్‌లోనే అడగండి. మన దగ్గర రెండు వైపులవారూ ఎవరి కెమెరావాళ్లను వాళ్లు తెచ్చుకోవడం మామూలే. ఒక్కోసారి ఖర్చు తగ్గుతుందని రెండు కుటుంబాలు కలిసి ఒకరికే అప్పగిస్తారు. అప్పుడు పెళ్లికొడుకుని చేసేది ఒక ఊళ్లో, పెళ్లికూతుర్ని చేసేది ఇంకో ఊళ్లో, రెండూ ఒకే పొద్దున. ముహూర్తం ఒకటే కాబట్టి ధర రెట్టింపు అడగలేము, జట్లు రెండు కావాలి కాబట్టి ఒక ధరకు చేయలేము. నేను సుమారు ఒకటిన్నర రెట్లు చెబుతాను, ఆల్బమ్‌లు రెండైతే రెండో ఆల్బమ్ ఖర్చు వేరు. డబ్బు ఎవరు ఇస్తారన్నది కూడా అప్పుడే రాయించుకోండి. ఒక పెళ్లిలో సగం మాది, సగం వాళ్లది అన్నారు. పెళ్లయ్యాక అటువైపు సగం కోసం నేను ఇటువైపు వారినే అడగవలసి వచ్చింది, కొత్త వియ్యంకుల మధ్య ఆ మాట ఎత్తడానికి వాళ్లకు మొహమాటం. అప్పటినుంచి ఎన్ని కుటుంబాలు కలిసినా బిల్లు ఒక్కరి పేరు మీదే రాస్తున్నాను.

మనుషుల విషయంలో ఒక జాగ్రత్త. మాఘంలోనో వైశాఖంలోనో పెద్ద ముహూర్తం రోజున ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్ మామూలు ధరకు రాడు, ఒకటిన్నర రెట్లు అడుగుతాడు. సినిమాటిక్ తీసేవాడైతే ఇంకా ఎక్కువ అడుగుతాడు. పార్టీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్న రోజే మీ మనుషులకు అడ్వాన్స్ పంపి తేదీ ఖాయం చేసుకోండి. లేకపోతే ఆరు నెలల ముందు 5 వేలు అని రాసుకున్న మనిషి, పెళ్లి ముందు వారం 9 వేలు అవుతాడు. మీరు వేసుకున్న పది శాతం అక్కడే పోతుంది.

ఎల్ఈడీ స్క్రీన్, మిక్సింగ్ (కెమెరాల దృశ్యాలను అక్కడికక్కడే కలపడం), క్రేన్, లైవ్ ప్రసారం, డ్రోన్ వంటివి మీవి కావు, బయటివాళ్లవి. వాటిని "ఫ్రీ" అని ప్యాకేజీలో కలపవద్దు. వాళ్ల ధరకు పది పదిహేను శాతం వేసి విడిగా చూపించండి. ఆ అదనం వాళ్లను సమయానికి రప్పించే బాధ్యతకు. డ్రోన్ విషయంలో డబ్బుతో పాటు చట్టమూ ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు నమోదు సంఖ్య ఉండాలి, ఎగరేసే చోటు ఏ జోన్‌లో (అనుమతి అవసరమైన ప్రాంతంలోనా, కాదా) ఉందో చూసుకోవాలి. సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ కొంచెం ఎక్కువే అడుగుతాడు, ఇవ్వండి. జనం మధ్య పందిట్లో రెక్క తగిలితే మీ ప్యాకేజీలో వచ్చినవాడే కాబట్టి అడిగేది మిమ్మల్నే.

ప్రీ-వెడ్డింగ్ షూట్ ఉచితంగా ఇవ్వడం ఈ మధ్య ఒక జబ్బుగా మారింది. పాపికొండలకో లంబసింగికో వెళ్తే ప్రయాణంతో రెండు రోజులు, ఇద్దరు మనుషులు, గది, బండి. ముహూర్తాలు లేని రోజుల్లో చేస్తాం కాబట్టి తేదీ ధర తగ్గించవచ్చు, సగానికి కూడా దింపవచ్చు. చేతిఖర్చు మాత్రం వాళ్లదే ఉండాలి. పెళ్లి తేదీ ఖాయం చేసి అడ్వాన్స్ ఇచ్చినవారికే ఈ తగ్గింపు ఉండాలి.

ఆల్బమ్ గురించి. "ఆల్బమ్ ఒకటి" అని రాయకండి; ఎంత సైజు, ఎన్ని షీట్లు, ఏ పేపర్, ఎన్ని ఫొటోలు అని రాయండి. 40 షీట్లంటే 80 పేజీలని కూడా రాయండి, లేకపోతే ఎవరి లెక్క వాళ్లది. అదనపు షీటుకు ఎంతో ముందే చెప్పండి. చుట్టాల గ్రూప్ ఫొటోలన్నీ ఉండాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడతారు, 40 కాస్తా 60 అవుతాయి. డిజైన్‌లో రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి డబ్బు అన్న నియమం పెట్టుకుంటే మూడోసారి సాధారణంగా రాదు.

ఇక్కడే చెల్లింపుల విషయం వస్తుంది, ధర ఎంత అన్నదానికంటే డబ్బు ఎప్పుడు వస్తుందన్నది కొత్తవాళ్లను ఎక్కువగా ముంచుతుంది. తేదీ ఖాయం చేసేటప్పుడు 30 శాతం, పెళ్లి రోజు లేదా దానికి ముందు 50 శాతం తీసుకోండి. మిగిలిన 20 శాతాన్ని ఆల్బమ్ చేతికిచ్చే రోజుకు ముడిపెట్టవద్దు; ఎంపిక కోసం ఫొటోలు ఇచ్చే రోజుకు ముడిపెట్టండి. ఫొటోలు ఏరడం వాళ్ల చేతిలో ఉన్న పని, దానికి గడువంటూ ఉండదు. మా దగ్గర పెళ్లి చేసుకున్న ఒక జంట వారం తిరక్కుండా డాలస్ వెళ్లిపోయారు. అమ్మాయి ఏరింది అత్తగారికి నచ్చలేదు, అత్తగారు ఏరింది అమ్మాయికి నచ్చలేదు. ఏడాది దాటాక ఆల్బమ్ ఆర్డర్ ఇచ్చేసరికి దాన్ని ముద్రించే ల్యాబ్‌లో షీటు ధర పెరిగింది. మా డబ్బు అప్పటికే వచ్చేసింది కాబట్టి, పెరిగిన తేడా గురించి నవ్వుతూనే మాట్లాడుకోగలిగాం. ఎంపికకు మూడు నెలల గడువు, డేటా దాచేందుకు ఏడాది గడువు, ఆ తరువాత అడిగితే కొంత రుసుము అని కాగితంలో రాయండి.

పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ సంగతేమిటని మీరు అడగలేదు కానీ అది తప్పక ఎదురవుతుంది. ఇంట్లో మైల వచ్చి ఆగిపోతే నేను అడ్వాన్స్‌ను కొత్త తేదీకి మార్చి ఇస్తాను, ఆ తేదీన ఖాళీ ఉంటే. చావు జరిగిన ఇంట్లో నియమాలు చదివి వినిపించేవాడికి ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు. అలా కాకుండా, ఇంకొకరు తక్కువకు దొరికారని రద్దు చేసుకుంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వను, ఎందుకంటే ఆ తేదీని అడిగిన వేరేవాళ్లను నేను వదులుకున్నాను. ఈ రెండింటి తేడా కాగితంలో స్పష్టంగా ఉండాలి.

బేరం గురించి రెండు మాటలు. "మా ఇంట్లో ఇంకా రెండు పెళ్లిళ్లున్నాయి, దీనికి తగ్గించండి" అంటే, "రెండో పెళ్లికి తప్పకుండా తగ్గిస్తాను" అనండి. చుట్టాలు, స్నేహితుల పెళ్లిళ్లకు పూర్తి ధర బిల్లులో రాసి, తగ్గించదలచుకున్నది "చదివింపు" అని కింద తీసివేయండి. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను. వాళ్లకు గౌరవంగా ఉంటుంది, ఆ బిల్లు చూసిన మరో చుట్టం తగ్గించిన అంకే మీ అసలు ధరని అనుకోడు. ముహూర్తం రోజున బేరమాడేవారెవరికీ ధర తగ్గించకండి. ఆ తేదీ ఎలాగైనా అమ్ముడవుతుంది. ఆషాఢంలో వచ్చే పుట్టినరోజు, కాలేజీ కార్యక్రమం, షాపు ప్రారంభం వంటివాటికి మాత్రం తగ్గించవచ్చు. ఆ రోజు మీరు ఊరికే కూర్చుంటే వచ్చేది సున్నా కాబట్టి, చేతిఖర్చు పోను ఎంత మిగిలినా మేలే. ఒక్క ధరే ఏడాదంతా అందరికీ చెప్పడం నిజాయితీ అని కొందరు అనుకుంటారు. పైన చెప్పిన లెక్క అర్థమైతే తేదీని బట్టి ధర మారడంలో మోసమేమీ లేదని మీకే తెలుస్తుంది.

నమూనాల కోసం రెండు మూడు పెళ్లిళ్లు తక్కువకు చేయాలనుకుంటే చేయండి. కానీ ఏ పెళ్లి అన్నది మీరు ఎంచుకోవాలి: మంచి వెలుతురున్న పగటి ముహూర్తం, చక్కటి అలంకరణ, ఫొటోలు బయట పెట్టడానికి ఒప్పుకునే జంట. ఆ ఒప్పుకోలు రాతలో ఉండాలి. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. చాలామంది ఫొటోగ్రాఫర్లు దీన్ని తలకిందులుగా అనుకుంటారు. తగ్గింపు ఇస్తున్నప్పుడే "ఈ ఫొటోలు, వీడియోలు మా ప్రచారానికి వాడుకోవచ్చు" అన్న వాక్యం మీద సంతకం తీసుకోండి. ఫొటోలు బయట పెట్టవద్దనే కుటుంబాలూ ఉంటాయి, వారి దగ్గర పూర్తి ధర తీసుకోండి.

పన్నుల సంగతి క్లుప్తంగా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి, ఫొటోగ్రఫీ మీద 18 శాతం. ఇక్కడ చూసేది మీ లాభాన్ని కాదు, మొత్తం బిల్లును. మనుషులు, ఆల్బమ్ అన్నీ మీ బిల్లులోంచే వెళ్తే 82 వేల పెళ్లిళ్లు పాతిక చేసేసరికే గీత దాటుతారు, మీకు మిగిలింది ఏమీ లేకపోయినా; ఎల్ఈడీ, క్రేన్ కూడా కలిస్తే ఇంకా ముందే. అందుకే, పైన చెప్పిన పది పదిహేను శాతం వదులుకునైనా, బయటివాళ్ల సేవలకు పార్టీయే నేరుగా చెల్లించేలా చేయడం మొదట్లో మంచిది. నమోదు లేకుండా జీఎస్టీ పేరుతో వసూలు చేయకూడదు. కంపెనీల కార్యక్రమాలు తీస్తే డబ్బు ఆలస్యంగా వస్తుంది, టీడీఎస్ (వాళ్లు ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పోను వస్తుంది. ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) నమోదు ఉచితం, చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థల చట్టం ప్రకారం వాళ్లు 45 రోజుల్లోగా చెల్లించాలి, అడగడానికి మీకు ఒక ఆధారం ఉంటుంది.

మీ ఊరి అసలు ధరలు తెలుసుకోవడానికి పార్టీలా ఫోన్ చేసి అడగవద్దు, చిన్న ఊళ్లో రెండో రోజే తెలిసిపోతుంది. ఆల్బమ్ ల్యాబ్ వారితో, ఎడిటర్లతో స్నేహం చేయండి. ఎవరు ఎన్ని షీట్లు వేయిస్తున్నారో, ఎవరి పెళ్లి వీడియో నెలల తరబడి డబ్బు కోసం ఆగి ఉందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ధరలను నేను ఏటా ఆషాఢంలో మారుస్తాను. అప్పుడు పని ఉండదు, గడిచిన ఏడాది ఎన్ని తేదీలు అమ్మానో, ఒక్కోదానికి నిజంగా ఎంత ఖర్చయిందో తీరిగ్గా చూసుకోవచ్చు. శ్రావణానికి కొత్త ధర సిద్ధంగా ఉంటుంది, అంతకు ముందు అడ్వాన్స్ ఇచ్చినవారికి పాత ధరే. అడిగినవారందరూ బేరమాడకుండా ఒప్పుకుంటుంటే మీ ధర తక్కువగా ఉందని అర్థం. అందరూ వెళ్లిపోతుంటే వెంటనే ధర తగ్గించకండి. ముందు మీరు చూపిస్తున్న నమూనాలు ఆ ధరకు తగినట్టు ఉన్నాయో లేదో చూడండి, ఎక్కువసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

చివరగా ఇన్‌స్టాగ్రామ్ గురించి. మొత్తం ధరల పట్టిక పెట్టవద్దు, కానీ "క్యాండిడ్ ఒక పూటకు 32 వేల నుంచి" అన్నట్టు మొదలయ్యే ధర ఒక్కటి పెట్టండి. పదిహేను వేలకు అడిగేవారు ఫోన్ చేయరు, మీ సమయం మిగులుతుంది. పూర్తి ధర మాత్రం తేదీ, ఊరు, ముహూర్తం, ఎవరి తరఫు అన్నవి తెలిశాకే చెప్పండి. వాట్సాప్‌లో "ప్యాకేజీ ఎంత" అని మాత్రమే పంపినవారికి ఈ నాలుగు ప్రశ్నలనే జవాబుగా పంపండి. నాలుగింటికీ జవాబు ఇచ్చేవారిలో సగం మందైనా నిజంగా బుక్ చేసుకునేవారే ఉంటారు.